నెమ్మది పాటల వైపు

ఏడంగుళాల నల్లటి రికార్డు, నిమిషానికి 45 చుట్లు, వైపుకొక పాట. పైన రంగుల బొమ్మ అచ్చేసిన కాగితపు కవరు. థాయ్‌లాండ్ పల్లెవాళ్ల కోసం 1960, 70 దశకాల్లో వచ్చిన ఇలాంటి రికార్డులు క్యాసెట్ల కాలం రాగానే అటకెక్కాయి. అక్కణ్ణుంచి పాత సామాన్ల అంగళ్లకు చేరాయి. గత ఇరవై ఏళ్లలో వాటి దశ తిరిగింది. 2004లో అమెరికాకు చెందిన సబ్లైమ్ ఫ్రీక్వెన్సీస్ అనే చిన్న కంపెనీ ఈసాన్ ప్రాంతపు మోలమ్ పాటల్ని ఒక సీడీగా తెచ్చింది. 2010లో ఇంగ్లండ్‌లోని సౌండ్‌వే కంపెనీ 1964 నుంచి 1975 దాకా వచ్చిన పాటల్లోంచి ఏరి 'ది సౌండ్ ఆఫ్ సయామ్' వేసింది. దాన్ని కూర్చిన ఇద్దరిలో ఒకడైన మాఫ్ట్ సాయ్ బ్యాంకాక్‌లో జుడ్‌రాంగ్‌మా పేరుతో రికార్డుల కొట్టు, కంపెనీ నడుపుతాడు. టెక్సాస్ బృందం ఖ్రుయాంగ్‌బిన్ ఈ పాత పాటల్లోని గిటారు పోకడల్ని తన బాణీలో కలుపుకుని దేశదేశాలు తిరుగుతోంది.

సంతోషమే. ఈ పని జరక్కపోతే ఆ పాటలు మనదాకా వచ్చేవే కావు. కానీ ఈ సంకలనాల ఏరివేతలో ఒక పక్షపాతం ఉంది. 'ది సౌండ్ ఆఫ్ సయామ్' ఉపశీర్షికలోనే 'లెఫ్ట్‌ఫీల్డ్' అన్న మాట ఉంది, అంటే వాడుక దారిలో నడవనివి అని. డోలు దంచేవి, బేస్ గిటారు గింగిరాలు తిరిగేవి, అమెరికా ఫంక్ పాటకు దూరపు చుట్టంలా వినబడేవి ఎక్కువగా ఏరారు. ఆ రికార్డుల్ని కొన్న రైతు, బ్యాంకాక్‌లో అంట్లు తోమిన ఈసాన్ అమ్మాయి, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని పడుకున్న కూలీ, వీళ్లందరి గుండె పట్టింది మాత్రం నెమ్మదిగా సాగే ఏడుపు పాటల్ని. ఈ సంప్రదాయపు పనితనమంతా అక్కడే పోగుపడి ఉంది. హుషారు పాటలో డోలు వినేసి ఊరుకోవచ్చు. నెమ్మది పాటలో గొంతు వినక తప్పదు.

ముందు రెండు పేర్లు. లూక్ థుంగ్ అంటే పొలాల బిడ్డ. మధ్య థాయ్‌లాండ్ మైదానాల్లో, చావో ప్రాయా నదీ తీరపు వరి పొలాల మధ్య పుట్టిన పాట. దీన్ని మొదట్లో సంత పాట అనీ బతుకు పాట అనీ పిలిచేవారు. 1964లో బ్యాంకాక్ టీవీలో చమ్నోంగ్ రంగ్‌సికున్ మొదలుపెట్టిన కార్యక్రమంతో లూక్ థుంగ్ అనే పేరు నిలబడింది. దానికి ఎదురుగా నగరపు పాటకు లూక్ క్రుంగ్ అన్న పేరు వచ్చింది, అంటే నగరం బిడ్డ. రెండోది మోలమ్. 'మో' అంటే నేర్పరి, 'లమ్' అంటే మాట ఎటు నడిపిస్తే అటు నడిచే పాట. ఇది ఈశాన్య భాగమైన ఈసాన్‌ది, మెకాంగ్ నదికి అవతల ఉన్న లావోస్‌ది. దేశ జనాభాలో దాదాపు మూడో వంతు ఉన్న ఈసాన్ ప్రజల ఇంటి భాష లావో. బ్యాంకాక్ పెద్దలు ఈ రెండు పాటల్నీ చాలాకాలం చిన్నచూపే చూశారు.

ఇక అసలు సంగతికి వస్తే, తెలుగు శ్రోత ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మనకు స్థాయి పెంచినా తగ్గించినా 'అన్నం' అన్నమే. థాయ్‌లో అలా కాదు. అక్షరాన్ని ఐదు తీరులుగా పలకొచ్చు: సమంగా, కిందగా, పైనుంచి జారుస్తూ, పైన నిలిపి, కిందనుంచి ఎత్తుతూ. 'ఖావ్' అన్న మాటనే పైనుంచి జారిస్తే వరి అన్నం, కిందగా అంటే వార్త, ఎత్తుతూ అంటే తెలుపు, సమంగా అంటే నీచు వాసన. ఇప్పుడు ఆ మాటల్ని పాటలో పెట్టండి. బాణీ పైకి వెళ్తున్నచోట జారాల్సిన మాట పడితే అర్థం చెడుతుంది, లేదా జనం నవ్వుతారు. వరసకట్టేవాడికి సగం చేతులు కట్టేసినట్టే. అందుకే లూక్ థుంగ్‌లో పేరున్న చాలామంది రచయితలు మాటా వరసా రెండూ తామే కట్టుకునేవారు.

అయినా ఎక్కడో ఓ చోట మాటకూ వరసకూ పేచీ వస్తుంది. దాన్ని తీర్చాల్సింది గాయకుడు. స్వరం మీద నేరుగా దిగకుండా, మాట అడిగిన వైపునుంచి, అంటే పైనుంచో కిందనుంచో, ఓ చిన్న జారుతో వచ్చి స్వరాన్ని అందుకుంటాడు. మాట అర్థం ఆ జారులో తీరిపోతుంది, ఆ తర్వాత స్వరం తన దారిన తాను పోతుంది. అక్షరం చివర గొంతును సాగదీసి అలలు అలలుగా తిప్పడాన్ని 'ఉయెన్' అంటారు. ఒకే స్వరం మీద గొంతును వెడల్పుగా వణికించడాన్ని 'లూక్ ఖో' అంటారు. మన గమకానికి రాగం లెక్క చెబుతుంది. వీళ్ల అలంకారానికి రాగంతో పాటు వ్యాకరణం కూడా లెక్క చెబుతుంది. ఇది అందం కోసం అద్దిన పూత అనుకుంటే పాట సగమే విన్నట్టు.

ఈ గొంతు ఎక్కడిది? ఒక మూలం బౌద్ధ విహారం. వెస్సంతర జాతకాన్ని భిక్షువులు రాగయుక్తంగా చదివి వినిపించే పద్ధతి థాయ్ పల్లెల్లో పాతకాలం నుంచీ ఉంది. బుద్ధుడు వెనకటి జన్మలో దానం చేసి చేసి చివరికి భార్యాబిడ్డల్ని కూడా ఇచ్చేసిన రాజకుమారుడి కథ అది. విన్నవాళ్లు ఏడ్చేలా చదవడమే చదవరి ఘనత. ఆ చదువునుంచి వచ్చిన పాట తీరును 'లే' అంటారు. రెండో మూలం లికే అనే వీధినాటకం. అయుత్థయ వాడైన పోన్ పిరోమ్ లికే నటుడిగా వేషాలు కట్టి, ఆ తర్వాత లూక్ థుంగ్‌కు వచ్చాడు. కథ చెబుతూ సాగే అతని పాటల్లో రంగస్థలం మీది పాత వరస స్పష్టంగా వినిపిస్తుంది. 'లే' పద్ధతిని రికార్డుకెక్కించి పేరు తెచ్చుకున్నవాడు సుపన్‌బురి జిల్లా మనిషి వైపోత్ పెత్‌సుపన్. ఆ సుపన్‌బురి చిత్రమైన జిల్లా. సురపోన్ సోంబత్‌చరోన్, వైపోత్, సాయన్ సన్యా, పుంపువాంగ్ దువాంగ్‌చాన్, ఇంతమంది గాయకులు అక్కడి గాలి పీల్చి పెరిగినవాళ్లే. అక్కడి యాసకు ఒక సాగదీత ఉంది, బ్యాంకాక్ వాళ్లు దాన్ని వెక్కిరిస్తారు. లూక్ క్రుంగ్ గాయకుడు ఆ యాసను కడుక్కుని స్టూడియోలోకి వెళ్లేవాడు. లూక్ థుంగ్ గాయకుడు దాన్నే పెట్టుబడిగా పెట్టాడు.

గొంతు చుట్టూ ఉన్న వాద్యాలు మాత్రం ఎక్కడెక్కడివో. ట్రంపెట్లు, శాక్సఫోన్లు, అకార్డియన్, కాంగా డోళ్లు, ఎలక్ట్రిక్ ఆర్గన్, వాటి మధ్య 'చింగ్' అనే చిన్న తాళాలు. లయలు క్యూబా చాచాచా, రుంబా, మాంబో. వాటితో పాటు సొంతదైన రామ్‌వోంగ్, అంటే జనం గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట. దీన్ని రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రధాని పిబున్ సర్కారు పల్లె ఆటనుంచి తీసి, మెరుగులు దిద్ది, దేశమంతా వ్యాప్తి చేసింది. మన దేశం వాటా కూడా ఉంది. హిందీ సినిమాలకు అక్కడ మంచి ఆదరణ ఉండేది. తమిళ నిర్మాత శాండో చిన్నప్ప దేవర్ తీసిన 'హాథీ మేరే సాథీ' (1971) థాయ్ పేరు పెట్టుకుని ఊళ్లేలింది. హిందీ పాటల బాణీలకు థాయ్ మాటలు కట్టి లూక్ థుంగ్‌గా పాడటం అప్పట్లో మామూలే. ఇలాంటి పాట దొరికితే తప్పకుండా వినాలి. బాణీ మనకు తెలిసిందే. కానీ ఎత్తుపల్లాల భాష దాని ఒంట్లో కొత్త ఎముకలు పెట్టేసి ఉంటుంది.

ఈసాన్ వైపుకు వస్తే గొంతుకు తోడు ఖేన్. సన్నటి వెదురు గొట్టాలు రెండు వరసలుగా, మామూలుగా 16, మధ్యలో చెక్క గుబ్బ. ప్రతి గొట్టంలో ఒక చిన్న లోహపు నాలుక. గొట్టానికున్న రంధ్రాన్ని వేలితో మూస్తేనే అది పలుకుతుంది. ఊదినా పీల్చినా అదే స్వరం. అందువల్ల వాయించేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగనక్కరలేదు. శబ్దం తెగకుండా రైలుబండి నడకలా పోతూనే ఉంటుంది. శ్రుతి కోసం ఒకట్రెండు గొట్టాల రంధ్రాల్ని నల్లటి మైనంతో మూసేస్తారు, అవి పాట సాగినంతసేపూ మోగుతూనే ఉంటాయి. లావోస్ ప్రజల ఖేన్ సంగీతాన్ని 2017లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నూటయాభై ఏళ్ల కిందట దీని రాత వేరు. నాలుగో రామా అని పిలిచే రాజు మోంగ్‌కుట్ 1865 ప్రాంతంలో బ్యాంకాక్‌లో ఖేన్ ఆటపాటలు కట్టిపెట్టమని ప్రకటన వేయించాడు. సయామ్ జనం తమ సొంత సంగీతాన్ని వదిలేసి లావో పాటల వెంట పడుతున్నారనీ, వానలు సరిగా పడకపోవడానికి కూడా ఇదే కారణమేమోననీ ఆయన బాధ. సొంత తమ్ముడు, ఉపరాజు పిన్‌క్లావ్‌కేమో ఖేన్ అంటే ప్రాణం. వినసొంపైన సంగీతం మీద ఆ నిషేధపు ప్రకటనకంటే పెద్ద మెప్పు రాజులెవరూ రాసి ఉండరు.

ఖేన్ వరసల్ని 'లాయ్' అంటారు. కర్ణాటక సంగీతం చెవిన పడ్డ మనకు అవి పూర్తిగా కొత్తగా తోచవు. లాయ్ యాయ్ అనే వరస ఐదు స్వరాల అమరిక మన శుద్ధ ధన్యాసికి దగ్గరగా ఉంటుంది, లాయ్ సుత్‌సనేన్‌ది శుద్ధ సావేరికి. పోలిక అంతవరకే. లోహపు నాలుక ఉన్న వాద్యం కాబట్టి ఖేన్ స్వరాన్ని వంచలేదు. వంచే పనంతా గొంతుది. నిటారుగా నిలబడ్డ ఖేన్ స్వరాల పక్కన గొంతు జారుతూ, మెలికలు తిరుగుతూ పోతుంటే ఆ రెంటి రాపిడిలో పుట్టే కరకుదనమే మోలమ్ రుచి. దీన్ని కొందరు శ్రుతిలేని పాట అనుకుంటారు. శ్రుతి ఉంది, దానికి ఒదగనిది మాట.

మోలమ్‌లో లూక్ థుంగ్‌కన్నా ఒక మెట్టు ఎక్కువ స్వేచ్ఛ ఉంది. ఇక్కడ ముందే కట్టిన బాణీ ఉండదు. 'క్లోన్' అనే పద్యం ఉంటుంది, వరస ఉంటుంది. పద్యంలోని మాటల ఎత్తుపల్లాల్ని బట్టి, ఆ వరసలోని స్వరాల మధ్య గాయకుడు అక్కడికక్కడ దారి చేసుకుంటాడు. పద్యం మారితే పాట నడక మారుతుంది. వేలకొద్దీ పాదాలు కంఠస్థం ఉండాలి, గొంతు తెల్లవార్లూ నిలవాలి. పాత 'లమ్ క్లోన్' ఆటలో ఓ ఆడ, ఓ మగ, వాళ్లకు ఖేన్ వాయించేవాళ్లు, అంతే. రాత్రంతా ప్రశ్నలు, జవాబులు, సరసాలు, శాస్త్ర చర్చలు, తెల్లవారుజామున వీడ్కోలు పాట. అలాంటి ఆటను ఏడంగుళాల రికార్డులోకి ఎక్కించాలంటే ఎంత కత్తిరింపు! వైపుకు మూడు నాలుగు నిమిషాలు. రాత్రి పొడుగునా పరుచుకున్నదాన్ని గుప్పెట్లో కుదించినప్పుడు మిగిలింది ఏమిటంటే, మొదట తాళం లేకుండా గొంతెత్తి పిలిచే పిలుపు, ఆ వెంటనే అసలు మాట. కత్తిరింపు పాటకు నష్టమే. అయినా ఆ పిలుపు ఇంత సాంద్రంగా తయారైంది ఈ ఇరుకువల్లే అని నాకనిపిస్తుంది.

1970ల మొదట్లో సురిన్ పాక్‌సిరి అనే రచయిత ఈ రెండు దారుల్నీ కలిపాడు. పాట పేరు 'ఈసాన్ లమ్ ప్లోన్', పాడింది అంగ్‌ఖనాంగ్ ఖున్‌చై. అప్పటికింకా పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్ల. ఈసాన్‌లోని ఉబోన్‌లో మోలమ్ మేటి చవీవన్ దమ్నోన్ దగ్గర పాట నేర్చింది. పాటలో ఒక భాగం లూక్ థుంగ్ తరహాలో కట్టిన బాణీ, ఇంకో భాగం అచ్చమైన మోలమ్. గొంతు ఒకదాన్నుంచి మరోదానికి మళ్లేచోట గాయని భాషనే మార్చుకున్నట్టు ఉంటుంది. ఈ పాట తర్వాత ఈసాన్ గొంతు బ్యాంకాక్ రేడియోలో పరాయిది కాకుండా పోయింది.

ఇదే కాలంలో పిన్‌కు కరెంటు తగిలింది. పేరు మన వీణ నుంచి వెళ్లిందే గానీ చూడ్డానికి సన్నటి చిన్న తంబూరాలా ఉంటుంది. మెట్లుంటాయి, రెండు మూడు తీగలుంటాయి. పనసచెక్కతో చేస్తారు. పల్లెల్లో సైకిలు బ్రేకు తీగల్నే తంత్రులుగా బిగించుకునేవారు. ఉబోన్‌లో నొప్పదోన్ దువాంగ్‌పోన్ నడిపిన పెత్ పిన్ తోంగ్ బృందంలో తోంగ్‌సై తప్‌తనోన్ దీనికి గిటారు పికప్ బిగించి వాయించాడు. ఇప్పుడు సంకలనాల్లో అందరూ మురిసిపోయేది ఈ శబ్దానికే. మురిసిపోవాల్సిందే. ఒకే తీగ మీద శ్రుతిలా ఒక స్వరం మోగుతుండగా దాని మీద చకచకా పరిగెత్తే స్వరాలు ఖేన్ నడకను అచ్చుగుద్దినట్టు దింపుతాయి. గిటారు వాయించేవాడు ఇంగ్లండు బృందం 'ది షాడోస్'ను చూసి నేర్చుకుని ఉండొచ్చు. పిన్ వాయించినవాడు ఖేన్ దగ్గరే నేర్చాడు. రాక్ సంగీతంలా వినబడేదంతా రాక్ నుంచి వచ్చింది కాదు.

అమెరికా ప్రభావం అబద్ధమని కాదు. వియత్నాం యుద్ధ కాలంలో ఈసాన్‌లోని ఉదోన్, ఉబోన్, కోరాత్, నఖోన్ పనోమ్‌లలో అమెరికా వైమానిక స్థావరాలు వెలిశాయి. బార్లు, బ్యాండ్లు, కొత్త గిటార్లు వచ్చాయి. కానీ పాటల్ని అంతకంటే లోతుగా మార్చింది రోడ్డు. అమెరికా డబ్బుతో వేసిన మిత్రపాప్ రహదారి, అంటే స్నేహమార్గం, 1958లో సరబురి నుంచి కోరాత్ దాకా తెరుచుకుంది. ఈసాన్ నేల ఇసుక నేల, వానలు నమ్మదగ్గవి కావు, కోత అయ్యాక చేతికి పనుండదు. బస్సెక్కితే బ్యాంకాక్. మగవాళ్లు మూడు చక్రాల సామ్‌లో రిక్షాలు తొక్కారు. సర్కారు 1960లో బ్యాంకాక్ వీధుల్లో వాటిని నిషేధిస్తే కట్టడం పనులకు, తర్వాత టాక్సీలకు మళ్లారు. ఆడపిల్లలు ఇళ్లల్లో, మిల్లుల్లో, మరికొందరు బార్లలో పనికి చేరారు. ఇప్పుడు పాటకు ఒక వస్తువు దొరికింది: ఊళ్లో మిగిలిపోయినవాడు, నగరానికి వెళ్లిపోయినది, లేదా తారుమారు.

ఈ వస్తువు ఎంత వాడినా అరగకపోవడానికి కారణం ఊళ్ల పేర్లు. లూక్ థుంగ్ రచయిత ఊరికే 'మా ఊరు' అనడు. జిల్లా చెబుతాడు, మండలం చెబుతాడు, ఆ వాగు పేరు చెబుతాడు. సురపోన్‌కు సుపన్‌బురిలోని స్వన్ తేంగ్ అనే చోటి పిల్ల మీద పాట ఉంది. సక్‌సయామ్ పెత్‌చోమ్‌పు పాడిన 'తుంగ్ కులా రోంగ్ హాయ్' ఈసాన్‌లో ఒక ఎండు మైదానం పేరు. కులా అనే వర్తకులు దాన్ని దాటలేక ఏడ్చారని కథ, పేరుకు అర్థం కూడా అదే. ఇలాంటి పేరు పాటలో వినబడగానే బ్యాంకాక్ వంటగదిలో ఉన్న ఆ ఊరి మనిషి చేతిపని ఆపేస్తుంది. మ్యాపు మీద లేని ఊళ్లకు ఇంత చిరునామా రాసిన పాటల సంప్రదాయాలు ప్రపంచంలో ఎన్నో లేవు.

సురపోన్ సోంబత్‌చరోన్ ఈ వస్తువులన్నిటినీ తన గొంతులో పెట్టుకుని రాజ్యమేలాడు. 1930లో పుట్టాడు. వైమానిక దళంలో ఉద్యోగం చేస్తూ పాటల్లోకి వచ్చాడు. మాటా తనదే, వరసా తనదే, బృందమూ తనదే. అతను నవ్వించగలడు, చైనా పోకడను అనుకరించగలడు, రామ్‌వోంగ్‌తో జనాన్ని లేపగలడు. అయినా జనం నోట మిగిలినవి జాలి పాటలు. 1968 ఆగస్టు 16న నఖోన్ పథోమ్ జిల్లాలో ప్రదర్శన ముగించుకుని వస్తుండగా ఎవరో కాల్చి చంపారు. ముప్ఫై ఏడేళ్లు. చివరి పాటగా అందరూ చెప్పేది 'సిప్ హోక్ పీ హేంగ్ క్వామ్ లాంగ్', పదహారేళ్ల గతం గురించి, విడిపోయిన ప్రేమ గురించి. ఆ పాట విని చూడండి. బ్యాండు దాదాపు పక్కకు తప్పుకుంటుంది. ప్రతి పాదం చివర అతను గొంతును వణికించి ఆపే తీరులో ఆర్భాటం ఉండదు, అలసట ఉంటుంది. నడక మరీ మెల్లగా ఉంది కాబట్టి ఒక్కో మాటా జారుతూ దిగడం చెవికి తెలుస్తుంది. థాయ్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఈ సంప్రదాయపు వ్యాకరణాన్ని ఈ ఒక్క పాటలో పట్టుకోవచ్చు. 2001లో పెన్-ఏక్ రత్తనరువాంగ్ తీసిన 'మోన్‌రక్ ట్రాన్సిస్టర్' సినిమా నిండా సురపోన్ పాటలే.

సినిమాకూ ఈ పాటకూ బంధం ముందే గట్టిపడింది. 1970లో వచ్చిన 'మోన్‌రక్ లూక్ థుంగ్'లో మిత్ర్ చైబంచా, పెత్‌చరా జంట. బ్యాంకాక్‌లో ఆర్నెల్లు ఆడింది. ఊరి పాటను చిన్నచూపు చూసిన నగరమే టికెట్ల కోసం వరస కట్టింది. 

రికార్డు అసలు పని ఏమిటంటే బృందానికి ముందు నడిచే దండోరా. రాబడి వేదిక మీద వచ్చేది. వానాకాలపు బౌద్ధ వ్రతమాసాలు ముగిశాక బృందాలు ఊళ్ల మీద పడేవి. విహారాల తిరునాళ్లలో తాత్కాలిక వేదిక, ప్రహరీగా తడకలు, లౌడ్‌స్పీకర్లు. పెద్ద బృందంలో వందమంది దాకా మనుషులు. గాయకుడి వెనక తాళాలు వాయిస్తూ కదిలినవాళ్లను 'హాంగ్ ఖ్రువాంగ్' అన్నారు. మొదట వాళ్లు వట్టి లయ వాద్యకారులు. తర్వాత ఆడపిల్లలొచ్చారు, కూడి ఆడారు, 1970లకల్లా ప్యారిస్ నాట్యశాలల్ని చూసి ఈకల కిరీటాలు పెట్టారు. పాట మధ్యలో జనం వేదిక దగ్గరకొచ్చి పూలదండ వేస్తారు, ఆ దండకు నోట్లు గుచ్చి ఉంటాయి. గాయని వంగి దండ వేయించుకుంటూ, చేతులు జోడిస్తూ, గొంతు తెగకుండా పాడాలి. ఉయెన్ సాధన అక్కడ అక్కరకొస్తుంది.

ఇంత జనాన్ని పోగుచేసే పాట సర్కారు కంట పడకుండా ఉంటుందా? రేడియో స్టేషన్లు చాలావరకు సైన్యం చేతుల్లో ఉండేవి. కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా మోలమ్ కళాకారులతో సర్కారూ అమెరికా సమాచార శాఖా పాటలు కట్టించాయి. అడవిలోని కమ్యూనిస్టులూ అదే ఖేన్‌తో తమ పాటలు కట్టారు.

పుంపువాంగ్ దువాంగ్‌చాన్‌తో ఈ కథ రికార్డులు దాటి క్యాసెట్లలోకి వస్తుంది. 1961లో పుట్టింది. చెరుకు తోటల్లో కూలి చేసే కుటుంబం. రెండో తరగతితో చదువు ఆగింది, రాయడం చదవడం రాదు. పాటలన్నీ వినే నేర్చుకుంది. పదిహేనేళ్ల ప్రాయంలో వైపోత్ బృందంలో చేరి, మొదట వేరే పేరుతో పాడింది. 1980ల్లో సింథసైజర్లు, డిస్కో లయ కలిపిన ఆమె పాటలు దేశాన్ని ఊపేశాయి. పుస్తకం అడ్డులేని జ్ఞాపకం ఆమెది. మాటను చెవితోనే పట్టింది కాబట్టి కాబోలు, ఎంత వేగం పాటలోనూ ఆమె నోట ఒక్క మాట ఎత్తుపల్లం తప్పదు. 1992 జూన్ 13న లూపస్ జబ్బుతో ముప్ఫై ఏళ్లకే పోయింది. సోంగ్ పీ నోంగ్‌లోని తప్ క్రదాన్ విహారంలో జరిగిన దహనానికి రాకుమారి సిరిన్‌తోన్ వచ్చింది. ఆ విహారంలో ఇప్పుడు ఆమె విగ్రహాలున్నాయి. జనం వచ్చి మొక్కుకుని లాటరీ నంబర్లు అడుగుతారు.

మళ్లీ పాత రికార్డుల దగ్గరికి. రీఇష్యూల విషయంలో నాకు నచ్చిన పని జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఈఎమ్ రికార్డ్స్‌ది. సోయ్48 అనే జంటతో కలిసి అది వింత పాటల పోగు వేయకుండా ఒక్కో మనిషిని పట్టుకుంది: అంగ్‌ఖనాంగ్ ఖున్‌చైకి ఒక సంకలనం, ఒకప్పటి భిక్షువు, గేదెనెక్కిన మనిషి పాటతో ప్రసిద్ధుడైన దావ్ బాన్‌దోన్‌కు ఒకటి. అలా పెట్టినప్పుడు హుషారు పాట పక్కన ఏడుపు పాట దానంతటదే వచ్చి కూర్చుంటుంది, గాయకుడు పూర్తి మనిషిగా కనబడతాడు. రచయితల సంగతి ఇంకా తేలలేదు. ఆ రోజుల్లో పాటను ఒకేసారి ఇంత అని డబ్బు తీసుకుని ఇచ్చేసినవాళ్లు చాలామంది. యాభై ఏళ్ల తర్వాత ఆ పాట పరదేశంలో అమ్ముడైతే ఎవరికి ఏం చెందాలన్నది ప్రతి రికార్డుకూ విడివిడిగా తేల్చుకోవాల్సిన లెక్క.

కొత్తగా వినేవాళ్లకు నా సలహా ఒక్కటే. లమ్ ప్లోన్ అనే హుషారు మోలమ్ రికార్డు ఏదైనా తీసుకోండి. మొదట తాళం లేని భాగం వస్తుంది, ఖేన్ ఒక్కటే, దాని మీద గొంతు. కాసేపటికి డోలు పడి పాట గంతులేస్తుంది. నాట్యశాలలో డీజేకు ఆ మొదటి భాగంతో పని లేదు. మీరు మాత్రం సూదిని అంచునే పెట్టండి. గొంతు ఏ స్వరం మీదికి ఎటువైపునుంచి దిగుతోందో రెండుసార్లు గమనించండి, మూడోసారికి డోలు మొదలయ్యాక కూడా అదే జారు, అదే దిగుడు వినబడుతుంది. వేగంలో ఇన్నాళ్లూ దాక్కున్నది అదే.